శత్రువు మరణించిన వేళ - పునీత అథనేసియస్ జీవితగాథ

ఈజిప్టులో నైలు నది పాయలుగా చీలి సముద్రంలో కలిసే ప్రాంతంలో త్మూయిస్ అనే పట్టణం ఉండేది. క్రీస్తుశకం నాలుగో శతాబ్దిలో అక్కడ సెరాపియన్ అనే సాధుపుంగవుడు బిషప్‌గా ఉండేవారు. ఒకప్పుడు ఎడారిలో మునివృత్తి సాగించిన వ్యక్తి ఆయన. ఆయనకొక లేఖ అందింది. ఏనాడో మరణించిన ఒక మనిషి అంతిమ ఘడియలు ఎలా గడిచాయో అందులో ఉంది. మరణించిన వ్యక్తి లేఖ రాసినవారికి జీవితకాలపు ప్రత్యర్థి. అయితే లేఖలోని విశేషం ఆ మరణ వృత్తాంతం ఒక్కటే కాదు. ఈ సంగతి రాయడానికి తనకు చాలాకాలం చేయి రాలేదని, ఒక మనిషి చావును చూసి సంబరపడుతున్నానని ఎవరైనా భావిస్తారేమోనని వెనుకాడానని రచయిత మొదటే చెప్పుకొన్నారు. వినవలసిన వారికి చదివి వినిపించి, ఎవరికీ నకలు ఇవ్వకుండా, సెరాపియన్ కూడా రాసి ఉంచుకోకుండా, లేఖను వెంటనే తిప్పి పంపమని చివరలో అభ్యర్థించారు.

ఆ లేఖ రాసినవారు అలెగ్జాండ్రియా పీఠాధిపతి అథనేసియస్. క్రైస్తవ ధర్మశాస్త్రానికి మూలస్తంభాల వంటి ఆచార్యులలో ఆయన ఒకరు. కథోలిక క్రైస్తవులు ఏటా మే 2న ఆయన్ని స్మరిస్తారు.

మనకు కీడు తలపెట్టినవాడు, ఏళ్ల తరబడి కంటిమీద కునుకు లేకుండా చేసినవాడు పోయాడన్న కబురు వస్తే ఏమవుతుంది? పెదవి అయ్యో అంటుంది. గుండె మీద నుంచి మాత్రం ఏదో బరువు దిగుతుంది. దిగిన మరుక్షణమే అలా దిగినందుకు సిగ్గు కలుగుతుంది. ఈ అనుభవం ఏ ఒక్క మతానికో చెందినది కాదు. కానీ క్రైస్తవ విశ్వాసికి ఇది మరింత చిక్కుముడి. శత్రువును ప్రేమించమని, హింసించేవారి కోసం ప్రార్థించమని యేసు కొండమీద చేసిన ప్రసంగంలో బోధించారు. శిలువ మీద తన ప్రాణం తీస్తున్నవారి క్షమాపణ కోసం తండ్రిని వేడుకున్నారు. శత్రువు పడిపోయినప్పుడు ఆనందించరాదని బైబిలులోని సామెతల గ్రంథమూ హెచ్చరిస్తుంది. మరోవైపు అదే బైబిలులో, తమను తరిమిన ఫరో సైన్యం ఎర్రసముద్రంలో మునిగిపోయినప్పుడు మిర్యాము తంబుర చేతబట్టి నాట్యం చేసిన ఘట్టమూ ఉంది. పీడ విరగడైనందుకు దైవానికి కృతజ్ఞత చెప్పడం ఎక్కడ ఆగుతుంది? పీడించినవాడి చావుకు మురిసిపోవడం ఎక్కడ మొదలవుతుంది? ఆ సన్నని గీత మీద జీవితమంతా నడవవలసి వచ్చినవారు అథనేసియస్. ఆయన ఐదుసార్లు తన పీఠానికి దూరమయ్యారు. తిరిగి వచ్చిన ఐదుసార్లలో నాలుగుసార్లు ఎవరో ఒకరి మరణమే ఆయనకు దారి తెరిచింది.

సముద్రతీరపు బాలుడు

అలెగ్జాండ్రియా ఆనాటి ప్రపంచంలోని మహానగరాలలో ఒకటి. ఎత్తైన దీపస్తంభం, ధాన్యపు ఓడలు, పండితులు, వాదప్రియులైన జనం. మన దేశపు మిరియాలు ఎర్రసముద్రం మీదుగా చేరి, రోమ్‌కు ఎగుమతి అయ్యేది ఆ రేవు నుంచే. అక్కడ సుమారు క్రీ.శ. 296-298 ప్రాంతంలో అథనేసియస్ జన్మించారు. ఆయన పసితనంలోనే, 303లో, డయోక్లీషియన్ చక్రవర్తి క్రైస్తవుల మీద దారుణమైన అణచివేతకు ఆజ్ఞలిచ్చాడు. గ్రంథాలు తగులబెట్టారు. ప్రార్థనా మందిరాలు కూల్చారు. 311లో అలెగ్జాండ్రియా బిషప్ పీటర్‌ను వధించారు. విశ్వాసం కోసం ప్రాణాలిచ్చినవారిని చూస్తూ పెరిగిన తరం అది. ఆ తరం అంత తేలికగా రాజీపడదు.

ఆయన బాల్యం గురించి ఒక ముచ్చటైన కథ ప్రచారంలో ఉంది. బిషప్ అలెగ్జాండర్ ఒకనాడు కిటికీలోంచి చూస్తే సముద్రపు ఒడ్డున పిల్లలు బాప్తిస్మపు ఆట ఆడుకుంటున్నారట. వారిలో బిషప్ వేషం కట్టిన పిల్లవాడు అథనేసియస్. తంతు ఎంత శాస్త్రోక్తంగా చేశాడంటే, పెద్దాయన ఆ బాప్తిస్మం చెల్లుతుందని తేల్చి, ఆ బాలుణ్ని చేరదీసి చదివించారట. చరిత్రకారులు దీన్ని నమ్మరు. సంవత్సరాల లెక్క కుదరదు. అయినా ఆయన అలెగ్జాండర్ ఇంటి మనిషిగానే పెరిగి, డీకన్‌గా, కార్యదర్శిగా ఆయనకు కుడిభుజమైన మాట నిజం.

ఆ నగరంలోనే బౌకలిస్ అనే చోట ఒక చర్చికి గురువుగా ఏరియస్ ఉండేవారు. లిబియా ప్రాంతం వారు. పొడగరి, వయసు మళ్లినవారు, నిరాడంబరులు, మృదుభాషి. ఆయన బోధించినది స్థూలంగా ఇది: భగవంతుడైన తండ్రి ఒక్కరే అనాది. కుమారుడైన క్రీస్తు ఎంత ఉన్నతుడైనా తండ్రి సృజించినవాడే, ఆయన లేని స్థితి ఒకటి ఉండేది. ఈ సిద్ధాంతాన్ని ఆయన పాటలుగా కట్టారు. ఓడ కళాసీలు, పిండిమరల కూలీలు, బాటసారులు వాటిని పాడుకునేవారని చెబుతారు. అథనేసియస్‌కు ఇది ప్రాణసంకటంగా తోచింది. క్రీస్తు సాక్షాత్తు దైవం కాకపోతే మనిషిని ఉద్ధరించే శక్తి ఆయనకు ఎక్కడిది? ఒక సృష్టి మరొక సృష్టిని దైవంతో ఎలా కలపగలదు? ఆయన ప్రశ్న అదొక్కటే. జీవితాంతం అదే.

అవతార తత్త్వం గురించి, జీవబ్రహ్మల గురించి శతాబ్దాలుగా తర్కించుకున్న మన పెద్దలకు ఇలాంటి వాదం వింతగా తోచదు. ఒక్క పదం కోసం మఠాలు విడిపోయిన సందర్భాలు మనకూ తెలుసు. అక్కడా ఒక్క పదమే. 325లో కాన్‌స్టాంటైన్ చక్రవర్తి నైసియా నగరంలో బిషప్పుల మహాసభ జరిపించారు. వచ్చినవారు 318 మంది అని సంప్రదాయం. కుమారుడు తండ్రితో ఏకతత్త్వం గలవాడని సభ తీర్మానించింది. ఏరియస్‌కు దేశబహిష్కారం విధించారు. యువ డీకన్‌గా అథనేసియస్ తన బిషప్ వెంట ఆ సభకు వెళ్లారు. 2025తో ఆ సభకు 1700 ఏళ్లు నిండాయి. అక్కడ రూపుదిద్దుకున్న విశ్వాస ప్రమాణం ఈనాటికీ మన తెలుగునాట చర్చిలలో తెలుగులో వినిపిస్తుంది.

పెట్టెలో చేయి

328లో అలెగ్జాండర్ కన్నుమూశారు. ముప్ఫై ఏళ్లు నిండీ నిండని అథనేసియస్ ఆ ఏడు జూన్ 8న పీఠమెక్కారు. అంతవరకూ వాదంగా ఉన్నది అక్కడినుంచి వైరమైంది. ఏరియస్ వర్గం వారు చక్రవర్తి మనసు మార్చారు. స్థానికంగా మెలేషియస్ వర్గం వారు వారితో చేయి కలిపారు. అథనేసియస్ ఆర్సెనియస్ అనే బిషప్‌ను చంపించారని, క్షుద్రవిద్యల కోసం అతని చేయి నరికించారని అభియోగం మోపారు. ఒక చెక్కపెట్టెలో ఎండిన చేయి కూడా చూపించారు. ఆర్సెనియస్ నిజానికి బతికే ఉన్నాడు, దాక్కున్నాడు. 335లో టైర్ నగరంలో విచారణ సభ జరుగుతుండగా అతణ్ని ముసుగు వేసి తీసుకొచ్చి, మొదట ఒక చేయి, తరువాత రెండో చేయి చూపి, మూడోది ఎక్కడినుంచి నరికానో చెప్పమని అథనేసియస్ అడిగారని పాత చరిత్రకారులు రసవత్తరంగా వర్ణించారు. ఆ ఆర్సెనియసే తరువాత క్షమాపణ కోరి ఆయనతో కలిసిపోయారు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. అథనేసియస్ పక్షం వారందరూ సాధువులేమీ కాదు. ఇసుకలో దొరికి 1924లో అచ్చయిన ఒక పాత పపైరస్ ఉత్తరంలో, అదే 335లో ఆయన అనుచరులు మెలేషియస్ వర్గం వారిని పట్టుకుని కొట్టిన వైనం ఉంది. ప్రత్యర్థులకు కూడా ఆయన పేరు వింటే నిద్ర పట్టని రాత్రులు ఉండి ఉంటాయి.

టైర్ సభ ఆయన్ని పదవి నుంచి తొలగించింది. న్యాయం కోసం ఆయన నేరుగా కాన్‌స్టాంటినోపుల్ వెళ్లి, దారిలో గుర్రం మీద వస్తున్న చక్రవర్తిని నిలిపి మొర పెట్టుకున్నారు. ప్రత్యర్థులు ఈసారి కొత్త నింద తెచ్చారు. అలెగ్జాండ్రియా నుంచి రాజధానికి వచ్చే ధాన్యపు ఓడలను ఆపిస్తానని ఆయన బెదిరించారట. రాజధాని అన్నం తినేది ఆ ఓడల మీదే. చక్రవర్తి మరో మాట వినలేదు. ఈజిప్టు బిషప్‌ను సామ్రాజ్యం మరో కొసన, ఇప్పటి జర్మనీలో ఉన్న ట్రియర్ పట్టణానికి పంపేశారు. అది మొదటి ప్రవాసం.

ఆ శనివారం

336. అథనేసియస్ ట్రియర్ చలిలో ఉన్నారు. ఏరియస్ కాన్‌స్టాంటినోపుల్‌లో ఉన్నారు. తన విశ్వాసం సరైనదేనని ఏరియస్ చక్రవర్తి ఎదుట ప్రమాణం చేశారు. ఆ ప్రమాణం అబద్ధమైతే దైవమే తీర్పు చెబుతాడని చక్రవర్తి అన్నారు. మరునాడు ఆదివారం, ఆయన్ని చర్చిలోకి తీసుకుని ప్రభు భోజనంలో భాగస్వామిని చేయాలని పలుకుబడి గల బిషప్పులు నిశ్చయించారు. ఆ నగర బిషప్ మరో అలెగ్జాండర్. వయోవృద్ధుడు. అడ్డుకునే శక్తి లేదు. ఆయన గుడిలోకి వెళ్లి వేదిక ముందు సాష్టాంగపడి, రేపు ఏరియస్ ఇక్కడ అడుగుపెట్టేటట్లయితే తనను తీసుకుపొమ్మని, తన సంఘం మీద దయ ఉంటే ఏరియస్‌ను తీసుకుపొమ్మని దేవుణ్ని వేడుకున్నారు. ఆ ప్రార్థన వేళ పక్కనే మకారియస్ అనే గురువు ఉన్నారు. అదేరోజు, శరీరబాధ తీర్చుకోవడానికి పక్కకు వెళ్లిన ఏరియస్ అక్కడే కుప్పకూలి మరణించారు.

మరునాటి ఆరాధన ఏరియస్ లేకుండానే జరిగింది.

అథనేసియస్‌కు ఈ వివరాలన్నీ మకారియస్ ద్వారా తెలిశాయి. ఆయన ఏళ్ల తరబడి వాటిని సెరాపియన్‌కు రాయలేదు. కానీ సెరాపియన్ చుట్టూ ఉన్నవారిలో ఒక తగవు పుట్టింది. ఏరియస్ సంఘంతో రాజీపడి చనిపోయారా, లేక వెలి ఉండగానే పోయారా అన్నది ప్రశ్న. అది తేలితే తప్ప వాదం ఆగదని తెలిశాకే కలం పట్టారు. ఎడారి ప్రవాసపు రోజుల్లో రాశారని సాధారణంగా చెబుతారు.

ఆ లేఖను నెమ్మదిగా చదివితే రాసినవారి మనసు రెండుగా చీలి కనిపిస్తుంది. మరణం అందరికీ రాసిపెట్టి ఉన్నదేనని, సాయంకాలం దాకా తాను ఉంటానో లేదో ఎవరికీ తెలియదని, అందుకే శత్రువైనా సరే చనిపోయినవాణ్ని ఎగతాళి చేయరాదని ఆయన రాశారు. ఆ వెంటనే ఈ మరణం మామూలుది కాదని, ఇందులో దైవం తీర్పు చెప్పాడని కూడా రాశారు. మొదటి మాట రాసిన చేత్తోనే రెండోదీ రాశారు. వృద్ధుడైన మనిషి హఠాత్తుగా పోవడంలో దైవనిర్ణయాన్ని చూడనక్కరలేదని నేటి పాఠకుడికి అనిపించవచ్చు. విషప్రయోగమేమోనని శంకించిన చరిత్రకారులూ లేకపోలేదు. ఈ వ్యాసకర్తకు మాత్రం ఆ లేఖలో తీర్పు కంటే సంకోచమే విలువైనదిగా తోస్తుంది. తాను చెప్పింది తన అదుపు తప్పి వెళ్తే ఏమవుతుందో ఆయనకు తెలుసు. నకలు తీయవద్దన్న అభ్యర్థన వెనుక ఆ భయం ఉందని అనుకోవచ్చు.

రావణుడు నేలకూలిన తరువాత అంత్యక్రియలు చేయడానికి విభీషణుడు వెనుకాడితే, వైరం మరణంతోనే ముగిసిందని, ఇక అతడు నీకెంతో నాకూ అంతేనని శ్రీరాముడు నచ్చజెప్పిన ఘట్టం మనకు తెలియనిది కాదు. దేవతలు పూలవాన కురిపించిన యుద్ధభూమిలోనే ఆ మాటా వినిపించింది.

కాన్‌స్టాంటినోపుల్ జనానికి ఆ సంకోచం లేదు. శతాబ్దం తరువాత కూడా దారిన పోయేవారు ఏరియస్ చనిపోయిన చోటును వేలెత్తి చూపేవారని సోక్రటీస్ అనే చర్చి చరిత్రకారుడు రాశారు. ఏరియస్ మతస్థుడైన ఒక ధనవంతుడు ఆ స్థలం కొని, ఆ చిహ్నం మరుగున పడిపోవాలని అక్కడ ఇల్లు కట్టించాడని సోజొమెన్ రాశారు. ఆ ఇల్లు కట్టించినవాడి బాధ కూడా అర్థం చేసుకోదగినదే.

ఎడారి దాచిన మనిషి

337 మే 22న కాన్‌స్టాంటైన్ మరణించారు. ప్రవాసులకు విముక్తి దొరికింది. అథనేసియస్ ఇల్లు చేరారు. రెండేళ్లకే మళ్లీ వెళ్లగొట్టారు. ఈసారి రోమ్‌లో, పడమటి దేశాలలో ఏడేళ్లు. ఆయన స్థానంలో కూర్చోబెట్టిన గ్రెగరీ 345లో మరణిస్తే, 346 అక్టోబరులో తిరిగి రాగలిగారు. నగరం మొత్తం ఎదురేగి ఆహ్వానించింది. ఆపైన పదేళ్లు కాస్త ప్రశాంతంగా గడిచాయి.

కాన్‌స్టాంటైన్ కుమారుడు కాన్‌స్టాంటియస్ సామ్రాజ్యమంతటికీ ఏకైక ప్రభువైన తరువాత ఆ ప్రశాంతత చెదిరింది. ఆయన ఏరియస్ పక్షపు బిషప్పుల మాట వినేవారు. 356 ఫిబ్రవరి 8 రాత్రి. థియోనాస్ చర్చిలో జనం జాగరణ చేస్తున్నారు. సిరియానస్ అనే సేనాని వేలాది సైనికులతో ఆలయాన్ని చుట్టుముట్టాడు. అథనేసియస్ తన ఆసనం మీదే కూర్చుని, డీకన్ చేత ఒక కీర్తన చదివించి, ప్రజల చేత పల్లవి పలికించి, ఆపైన అందరినీ ఇళ్లకు వెళ్లమన్నారు. అందరూ బయటపడేదాకా తాను కదలనన్నారు. తలుపులు విరిగాయి. బాణాలు దూసుకొచ్చాయి. తొక్కిసలాటలో ప్రాణాలు పోయాయి. చివరికి మునులు, సహచరులు ఆయన్ని బలవంతంగా లాక్కెళ్లారు. సైనికుల కళ్లముందే మాయమయ్యారు.

తరువాతి ఆరేళ్లు ఆయన నివాసం ఈజిప్టు ఎడారి. మునులు ఒక ఆశ్రమం నుంచి మరో ఆశ్రమానికి చేర్చుతూ దాచారు. అక్కడే మహాతపస్వి ఆంతోనీ చరిత్ర రాశారు. ఎన్నో దేశాల్లో ఎందరినో సన్యాసం వైపు నడిపించిన గ్రంథమది. అక్కడే నిప్పులు చెరిగే రచనలూ చేశారు. కాన్‌స్టాంటియస్‌ను ఫరోతో, అహాబుతో పోల్చి, క్రీస్తు విరోధికి ముందుగా వచ్చినవాడన్నారు. మునుపు అదే చక్రవర్తిని గౌరవంగా సంబోధిస్తూ విన్నపం రాసిన కలమే అది. దాగి ఉన్న మనిషి కోపం ఎలా ఉంటుందో చూడాలంటే ఆ పుటలు చదవాలి. శత్రువును ప్రేమించడం ఆయనకు తేలికగా అబ్బలేదు.

రెండు మరణాలు, ఒక సభ

361 నవంబరు 3న కాన్‌స్టాంటియస్ జ్వరంతో మరణించారు. అథనేసియస్ పీఠం మీద ప్రభుత్వం కూర్చోబెట్టిన కప్పడోకియా వాసి జార్జికి అండ పోయింది. జార్జి అందరినీ బాధించినవాడు. నైసియా విశ్వాసులను హింసించాడు. పాత దేవతలను కొలిచేవారి ఆలయాలను అవమానించాడు. డిసెంబరు 24న ఆగ్రహించిన జనం అతణ్ని చంపి, శవాన్ని ఒంటె మీద ఊరేగించి, కాల్చి, బూడిద సముద్రంలో కలిపారు. కొత్త చక్రవర్తి జూలియన్ ప్రజలను మందలిస్తూ ఉత్తరం రాసి ఊరుకున్నారు. జార్జి పుస్తకాల భాండాగారం మాత్రం భద్రంగా తనకు పంపమని ఆజ్ఞాపించారు.

జూలియన్ క్రైస్తవం వదలి గ్రీకు దేవతల ఆరాధనకు మరలినవారు. విద్వాంసుడు, మితాహారి. మన పాఠకులలో కొందరికి ఆయన మీద అభిమానం కలిగితే ఆశ్చర్యం లేదు. ప్రవాసంలో ఉన్న బిషప్పులందరూ తిరిగి రావచ్చునని ఆయన ప్రకటించారు. 362 ఫిబ్రవరి 21న అథనేసియస్ తన నగరంలో అడుగుపెట్టారు.

ఆయన అసలు పరీక్ష ఇక్కడ ఉంది. వేటాడిన చక్రవర్తి లేరు. పీఠాన్ని ఆక్రమించినవాడి బూడిద సముద్రంలో ఉంది. ఏరియస్ పక్షానికి సంతకాలు పెట్టిన బిషప్పులు వందల సంఖ్యలో ఉన్నారు. వారిలో ఎక్కువమంది భయంతోనో ఒత్తిడితోనో పెట్టినవారు. ఆరేళ్లు ఎడారిలో దాక్కున్నవాడికి లెక్కలు తేల్చుకునే అవకాశం వచ్చింది. ఆ ఏడాదే ఆయన అలెగ్జాండ్రియాలో ఒక చిన్న సభ జరిపారు. వచ్చినవారు ఇరవై మందికి కాస్త అటూ ఇటూ. బలవంతం మీద తప్పటడుగు వేసినవారు నైసియా విశ్వాసాన్ని అంగీకరిస్తే చాలు, తమ తమ పదవులలోనే కొనసాగవచ్చునని అక్కడ నిర్ణయించారు. ఆ పక్షానికి నాయకత్వం వహించినవారు పశ్చాత్తాపపడితే వారినీ సంఘంలోకి తీసుకోవచ్చు, పదవి మాత్రం ఉండదు. మరో పని కూడా జరిగింది. దైవతత్త్వాన్ని చెప్పడానికి వేర్వేరు గ్రీకు పదాలు వాడుతూ ఒకరినొకరు అనుమానించుకుంటున్న రెండు వర్గాలను ఎదురెదురుగా కూర్చోబెట్టి, మీరు ఆ మాటతో ఏమంటున్నారని ఓపికగా అడిగారు. ఇద్దరూ చెబుతున్నది ఒకటేనని తేలింది. ఒక్క పదం కోసం ముప్ఫై ఏడేళ్లు పోరాడిన మనిషి, అర్థం కుదిరితే పదం కోసం పట్టుబట్టనని అన్నట్టే.

ఇది అందరికీ నచ్చలేదు. నైసియా పక్షానే నిలిచి ప్రవాస కష్టాలు పడిన సార్డీనియా బిషప్ లూసిఫర్‌కు అసలే నచ్చలేదు. తాము బాధలు పడుతున్నప్పుడు సంతకాలు పెట్టి సుఖంగా ఉన్నవారికి ఇంత సులువుగా తలుపులు తెరవడమా అని ఆయన విడిపోయారు. ఆయన కోపంలో న్యాయం లేదని అనలేం.

పడవలో చిరునవ్వు

ఎనిమిది నెలలు తిరిగేసరికి జూలియన్‌కూ అథనేసియస్‌కూ చెడింది. కులీన గ్రీకు స్త్రీలకు ఆయన బాప్తిస్మం ఇచ్చారన్నది చక్రవర్తి కోపానికి ఒక కారణం. 362 అక్టోబరులో నాలుగో ప్రవాసం. నైలు మీద పడవలో వెళ్తుంటే వెనుక నుంచి సైనికుల పడవ తరిమిందట. అథనేసియస్ తన పడవను వెనక్కి తిప్పించి వారికే ఎదురు వెళ్లారట. అథనేసియస్ కనిపించాడా అని వారడిగితే, దగ్గరలోనే ఉన్నాడని జవాబు వచ్చిందట. సైనికులు వేగంగా ముందుకు సాగిపోయారు.

మరో కథ ఆనాటి మునుల వర్గంలో నిలిచింది. 363 వేసవిలో ఆయన నైలు మీదే మరో పడవలో ప్రయాణిస్తున్నారు. ఎదురుగాలి. పాఖోమియస్ ఆశ్రమాల పెద్ద థియోడోర్, పమ్మోన్ అనే వృద్ధ ముని వెంట ఉన్నారు. థియోడోర్ శిష్యులు ఒడ్డున తాడు పట్టి పడవను లాగుతున్నారు. చాలాసేపు ప్రార్థనలో ఉన్న అథనేసియస్, శాంతికాలంలో కంటే హింసల నడుమనే తన హృదయం నిబ్బరంగా ఉంటుందని పమ్మోన్‌తో చెబుతున్నారు. మునులిద్దరూ ఒకరినొకరు చూసుకుని చిరునవ్వు నవ్వారు. తనను పిరికివాడనుకుంటున్నారా అని ఆయన అడిగారు. నువ్వు చెప్పమంటే నువ్వు చెప్పమని వారిద్దరూ కాసేపు వంతులు పోయి, చివరికి థియోడోర్ నోరు విప్పారు. సరిగ్గా ఈ ఘడియలోనే పర్షియాలో జూలియన్ హతుడయ్యారని.

జూలియన్ నిజంగానే ఆ జూన్ 26న పర్షియా యుద్ధంలో తగిలిన గాయంతో మరణించారు. కబురు తెలియగానే ఆంటియోక్ నగరంలో విందులు, నాట్యాలు జరిగాయని థియోడొరెట్ అనే చరిత్రకారుడు రాశారు. నజియాంజస్‌కు చెందిన గ్రెగరీ, ఆయనా గొప్ప పునీతుడే, జూలియన్‌ను దూషిస్తూ రెండు సుదీర్ఘ ప్రసంగాలు రచించి అందరినీ ఉత్సవానికి పిలిచారు. పడవ కథలో ఆ సంబరం లేదు. కొత్త చక్రవర్తి జోవియన్‌ను కలుసుకోవలసిందిగా మునులు సలహా ఇచ్చారు, అథనేసియస్ ఆ పని మీద బయలుదేరారు. ఆ కథలో నవ్వింది మునులే. ఆయన నవ్వినట్టు లేదు.

చివరిసారి 365లో వాలెన్స్ చక్రవర్తి ఆజ్ఞతో వెళ్లవలసి వచ్చింది. ఊరి బయట తండ్రి సమాధి మందిరంలో నాలుగు నెలలు దాక్కున్నారని చెబుతారు. జనం అలజడికి జంకి ప్రభుత్వమే 366 ఫిబ్రవరిలో వెనక్కి పిలిచింది. ఆయన తిరిగి రావడానికి ఈసారి ఎవరూ చనిపోనక్కరలేదు.

మిగిలిన ఏడేళ్లు పనిలోనే గడిచాయి. 367లో ఈస్టర్ సందర్భంగా పంపిన లేఖలో క్రొత్త నిబంధనకు చెందిన 27 గ్రంథాల జాబితా ఇచ్చారు. ఈనాటి బైబిలులో ఉన్నవి సరిగ్గా అవే. మొత్తం 45 ఏళ్ల పీఠాధిపత్యంలో సుమారు 17 ఏళ్లు ప్రవాసంలోనే గడిపి, 373 మే 2న తన నగరంలోనే, తన వారి మధ్యనే కన్నుమూశారు.

ఆ కబురు విని ఊపిరి పీల్చుకున్నవారూ ఉండే ఉంటారు. ఆయన నియమించిన వారసుడు పీటర్ అనతికాలంలోనే నగరం విడిచి రోమ్‌కు పారిపోవలసి వచ్చింది. ఏరియస్ పక్షానికి చెందిన లూసియస్ సైన్యం అండతో ఆ పీఠమెక్కారు.

తిప్పి పంపమన్న లేఖ మాత్రం నకళ్లుగా మారి, భాషలు మారి, ఆయన గ్రంథ సంపుటాలలోకి చేరింది. ఎవరికీ నకలు ఇవ్వవద్దన్న చివరి వాక్యంతో సహా.